నాలుగేళ్లుగా మా ఇంట్లో జీబ్రా ఫించ్‌లు: పెంచి చూశాక చెప్తున్న మాట

బెంగళూరు మారతహళ్ళిలో మా రెండో అంతస్తు ఫ్లాట్‌లోకి జీబ్రా ఫించ్‌లనే చిన్న పిట్టలు వచ్చి నాలుగేళ్లు దాటింది. 2021 జూలైలో మొదటి జత తెచ్చాం. ఇప్పుడు రెండు పంజరాల్లో నాలుగు ఉన్నాయి. "తేలికేనా పెంచడం?" అని అపార్ట్‌మెంట్‌లో చాలామంది అడుగుతుంటారు. చేతి మీద వాలే పిట్ట కావాలంటే మాత్రం ఇవి వద్దంటాను. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్కటి నా వేలి మీదకు రాలేదు. పంజరంలో చెయ్యి పెడితే మూలకు పోయి వణికిపోతాయి. వాటికి కావలసింది మనిషి కాదు, తోటి పిట్ట. అందుకే ఒంటరిగా ఒక్కదాన్ని ఎప్పుడూ తెచ్చుకోకూడదు. కాస్త దూరంగా కూర్చుని చూసే ఓపిక ఉంటే ఇంత ముచ్చటైన పిట్టలు ఇంకోటి లేవు.

కొనేటప్పుడు ముక్కు చూడండి. పెద్దయిన మగదానికి ఎర్రగా, ఆడదానికి నారింజ రంగులో ఉంటుంది. మగదానికి చెంపల మీద నారింజ మచ్చలు, గొంతు కింద సన్నటి చారలు కూడా ఉంటాయి. ముక్కు నల్లగా ఉందంటే అది ఇంకా పసిది. ఈ సంగతి తెలియక ఒక షాపులో జత అని చెప్పి ఇచ్చిన రెండు నల్లముక్కు పిల్లల్ని తెచ్చేశాం. వాటికి గింజ ఒలుచుకోవడమే సరిగ్గా రాదు. నాలుగో రోజు ఒకటి చనిపోయింది. మిగిలినది మగదని తర్వాత తెలిసింది. దానికి తోడుగా ఇంకోచోట నుంచి పెద్దయిన ఆడదాన్ని తెచ్చాం.

ఇంకో మాట. మన పొలాల్లో తిరిగే జీనువాయి పిట్టల్ని, అంటే మునియాల్ని, ఎవరైనా అమ్మజూపితే కొనకండి. వాటిని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జీబ్రా ఫించ్‌లు ఆస్ట్రేలియా జాతి, తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నవి.

పంజరం విషయంలో మేము చేసిన పొరపాటే అందరూ చేస్తారు. గుండ్రంగా, పొడుగ్గా, గోపురంలా ఉన్నది అందంగా ఉందని కొన్నాం. ఇవి ఎగిరేది అడ్డంగా, ఒక కొమ్మ నుంచి ఎదుటి కొమ్మకు. ఎత్తు ఎంతున్నా వాటికి ఉపయోగం లేదు. నెలలోపే 36 అంగుళాల పొడవున్నది చేయించాం. ఊచల మధ్య సందు అర అంగుళం దాటకూడదు, దాటితే తల ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి, మందం ఒకేలా లేని జామకొమ్మలు కట్టాను. కాళ్లకు అవే హాయి. పంజరం వెనక వైపు గోడ ఉంటే వాటికి ధైర్యం.

మొదట్లో బాల్కనీలోనే ఉంచేవాళ్లం. ఒక సాయంత్రం లోపల్నుంచి రెక్కల చప్పుడు విని పరుగెత్తితే, డేగ ఒకటి ఊచల్ని పట్టుకుని వేలాడుతోంది. పిట్టలు రెండూ అవతలి మూల ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆ రోజు నుంచి హాల్లోనే ఉంచుతున్నాం. హాల్లోనే, వంటింట్లో కాదు. నాన్‌స్టిక్ పెనం బాగా కాలితే వచ్చే పొగ మనకు తెలియకపోయినా పిట్టల ప్రాణం నిమిషాల్లో తీస్తుంది. దోశలకు ఇనుప పెనానికి మారాను. వాటి దగ్గర అగరుబత్తి, దోమల చక్రం కూడా వెలిగించం.

తిండి చవకే. అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా మా అత్తయ్య ఒక సంచి కొర్రలు తెస్తుంది. మొదటిసారి నేను సూపర్ మార్కెట్‌లో కొన్న కొర్రబియ్యం చూసి, "పొట్టు తీసినవి ఎందుకమ్మా, ఒలుచుకోవడమే కదా దాని పని" అంది. నిజమే. పొట్టుతో ఉన్న కొర్రలు, సామలు పెట్టాలి. ఇక్కడి కొట్లలో కొర్రల్ని నవణె అని అడగాలి. అయితే ఒలిచిన పొట్టు గిన్నెలోనే ఉండిపోతుంది. పైకి చూస్తే నిండుగా కనిపిస్తుంది, అడుగున ఒక్క గింజ ఉండదు. నేను ఊరెళ్లినప్పుడు మావారు ఇలాగే మోసపోయారు. ఇంత చిన్న పిట్ట ఒక్క రోజు పస్తు కూడా తట్టుకోలేదు. అందుకే రోజూ పొద్దున్నే గిన్నె తీసి, చేటలో చెరిగినట్టు మెల్లగా ఊది పొట్టు ఎగరగొట్టి, పైన కొత్త గింజలు పోస్తాను. నీళ్లూ రోజూ మార్చాల్సిందే. వారానికి రెండుసార్లు తోటకూర, ఒకసారి ఉడికించిన గుడ్డు పెంకుతో సహా చిదిమి పెడతాను.

సముద్రపు నురుగు ముక్క, అంటే కాల్షియం కోసం పిట్టలు కొరుక్కునే కటిల్‌బోన్, పంజరానికి ఎప్పుడూ కట్టి ఉండాలి. ఈ మాట నేను బాధతో చెప్తున్నాను. 2022 డిసెంబర్‌లో మా ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, పంజరం అడుగున కూర్చుంది. గుడ్డు కడుపులో ఇరుక్కుంది. దగ్గర్లోని క్లినిక్‌లో కుక్కల్ని, పిల్లుల్నే చూస్తామన్నారు. హెబ్బాళ పశువైద్య కళాశాలకు బయల్దేరాం. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనే, మా అమ్మాయి ఒళ్లో, చిన్న తువ్వాల్లో అది పోయింది. తప్పు నాదే. గూడు ఎప్పుడూ పంజరంలోనే ఉంచాను. వాటి సొంత ఊళ్లో ఎండునేలల మీద వాన పడి గడ్డిగింజలు వచ్చినప్పుడే గుడ్లు పెట్టే పిట్టలివి. మనింట్లో గింజలకు, నీళ్లకు కరువే లేదు. దాంతో ఏడాదంతా అదే కాలమనుకుంటాయి. వరసగా గుడ్లు పెట్టి ఒంట్లో కాల్షియం అయిపోతే, చలి రాత్రుల్లో ఇలా అవుతుంది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లకు మించి పొదగనివ్వను. పిల్లలు పెద్దయ్యాక గూడు తీసేస్తాను. పిట్టల్ని చూసే డాక్టరు నంబరు ముందే ఫోన్లో పెట్టుకున్నాను. మీరు కూడా పిట్టలు తెచ్చుకునే ముందే ఆ నంబరు సంపాదించండి.

జబ్బు ఉన్నా పైకి కనబడనివ్వవు. తోక పైకీ కిందికీ ఊగుతుంటే, రాత్రి నిశ్శబ్దంలో ఊపిరితో పాటు టిక్ టిక్ అని వినబడితే, శ్వాసలో పురుగు చేరిందేమో చూపించాలి. మా మగదానికి ఒకసారి వచ్చింది. డాక్టరు మెడ వెనక వేసిన మందు చుక్కతో తగ్గింది.

తర్వాత తెచ్చిన ఆడదానితో 2023లో ఐదు గుడ్లు, మూడు పిల్లలు. తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదిగాయి, పదమూడు రోజులకు పిల్లలొచ్చాయి. ఆడపిల్లను స్నేహితురాలికి ఇచ్చాను, మగపిల్లలిద్దరూ రెండో పంజరంలో ఉన్నారు. పాట పాడేది మగవే, అది తండ్రి దగ్గర నేర్చుకుంటాయి. మనుషులకు మాటలెలా వస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ పిట్టల పాటను ఎక్కువగా పరిశీలిస్తారు. మా పెద్దదాన్ని పసితనంలోనే తండ్రి నుంచి విడదీశారు కాబట్టో ఏమో, దాని పాట మధ్యలో తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు ఉంటుంది. చిన్నవి రెండు నెలల వయసులో కొమ్మ మీద కూర్చుని, పిల్లలు ముద్దుమాటలాడినట్టు ఏదో గొణిగేవి. మూడో నెలకు పాట తేలింది, ఆ కిర్రుతో సహా. తెల్లవారగానే రెండు పంజరాల నుంచీ మూడు కిర్రులు. ఆ చప్పుడు వినకపోతే నాకు రోజు మొదలవ్వదు.

గోల ఎక్కువ కాదు, పక్కవాళ్లు ఎప్పుడూ ఏమీ అనలేదు. పొట్టు మాత్రం హాలంతా ఎగురుతుంది, రోజూ ఊడ్చుకోవాలి. అసలు ఇబ్బంది ఊళ్లకు వెళ్లడమే. కింది ఫ్లాట్ ఆంటీకి తాళం ఇచ్చి, పొట్టు ఊదడం దగ్గరుండి చూపించాను. అయినా నాకు టెన్షనే. సంక్రాంతికి ఇంతకుముందు వారం రోజులు అనంతపురంలో ఉండేవాళ్లం. ఇప్పుడు మూడు రోజులే.