వోల్టేర్, లాక్, బేల్: పరమత సహనం గురించి ఎవరి వాదన గట్టిది?

2015 జనవరిలో పారిస్‌లో షార్లీ ఎబ్డో అనే వ్యంగ్య పత్రిక ఆఫీసు మీద మతోన్మాదుల దాడి జరిగాక, ఫ్రాన్స్‌లో జనం ఎగబడి కొన్న పుస్తకాల్లో ఒకటి 1763 నాటిది. ఫ్రెంచి రచయిత వోల్టేర్ రాసిన ‘సహనంపై గ్రంథం’. మనసు కలతగా ఉన్నప్పుడు చెయ్యి ఆ పుస్తకం మీదికే ఎందుకు పోతుందో ఊహించగలను. కానీ అంతకు చాలా ముందే ఇదే విషయం మీద యూరప్‌లో ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. ఫ్రెంచి ప్రొటెస్టెంట్ తత్వవేత్త పియేర్ బేల్ ‘తాత్విక వ్యాఖ్యానం’ 1686లో, ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ ‘సహనంపై లేఖ’ 1689లో.

మూడింటికీ ఒకటే పరీక్ష పెడదాం. ఎదురుగా ఒకాయన కూర్చుని ఇలా అంటున్నాడనుకోండి: “నా మతమే నిజమని నాకు ఖాయంగా తెలుసు. పక్కవాడు తప్పుదారిలో ఉన్నాడు. రెండు దెబ్బలేసైనా సరైన దారికి తెస్తే తప్పేముంది? వాడి మంచికేగా!” ఈయనకు ఎవరు సరిగ్గా జవాబు చెప్పగలరు?

ముందు వోల్టేర్.

1761 అక్టోబర్ 13 రాత్రి తులూజ్ నగరంలో బట్టల వ్యాపారి జాన్ కలాస్ ఇంటికి ఒక కుర్రాడు భోజనానికి వచ్చాడు. మేడ మీద భోజనాలయ్యాయి. పెద్దకొడుకు మార్క్ ఆంత్వాన్ అందరికంటే ముందే లేచి వెళ్లిపోయాడు. అతిథిని సాగనంపుదామని దీపం పట్టుకుని మెట్లు దిగినవాళ్లకు కింద కొట్లో అతని శవం కనిపించింది. ఏడుపులు విని వీధి వీధంతా పోగైంది. గుంపులోంచి ఎవడో అరిచాడు, కొడుకు కేథలిక్కుల్లో కలుస్తానన్నాడని ప్రొటెస్టెంట్ తండ్రే చంపేశాడని. ఆ ఒక్క కేకే కేసైంది. ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని వీధుల్లో ఈడ్చే రోజులవి. ఆ భయంతో ఇంట్లోవాళ్లు ఉరి సంగతి మొదట దాచారు. చివరికి ఆ అబద్ధమే వాళ్ల మెడకు చుట్టుకుంది. 1762 మార్చి 10న కలాస్‌ను చక్రానికి కట్టి, ఎముకలు విరగ్గొట్టి చంపారు. ఆఖరిదాకా ఆయన తాను నిర్దోషినే అన్నాడు.

విచిత్రం ఏమిటంటే, వోల్టేర్ కూడా మొదట ఆ పుకారునే నమ్మాడు. ఆ మార్చిలో రాసిన ఒక ఉత్తరంలో ప్రొటెస్టెంట్ల మీద చురకలు కూడా వేశాడు. తర్వాత అనుమానం పుట్టి, కలాస్ చిన్నకొడుకు దొనాను పిలిపించుకుని మాట్లాడాడు. ఇక అక్కణ్ణుంచి పట్టిన పట్టు విడవలేదు. వయసు మళ్లిన తండ్రి 28 ఏళ్ల బలమైన కొడుకును ఒంటిచేత్తో ఉరేయగలడా అని అడుగుతాడు. పోనీ ఇంట్లోవాళ్లంతా కలిసి చేశారంటే, పనిమనిషి కేథలిక్ కదా! అంతకుముందు ఆ ఇంట్లోనే ఇంకో కొడుకు కేథలిక్ కావడానికి సాయపడింది ఆవిడే. ఆవిడా ఈ హత్యలో చెయ్యి వేసిందంటారా? ఇది తత్వవేత్త భాష కాదు, చేయి తిరిగిన లాయరు భాష. (లాయరు గనకే కలాస్ వయసు 68 అని రాశాడు. నిజానికి 63.) 1765 మార్చి 9న కలాస్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. కుటుంబానికి రాజు 36,000 లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇచ్చాడు. ఒక రచయిత కలం పట్టి, చనిపోయిన మనిషికి ఇంతగా న్యాయం చేయించిన సందర్భాలు చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ పుస్తకంలోనే చైనాలోని కాంటన్ నగరపు మాండరిన్ (పెద్ద అధికారి) కథ ఒకటి ఉంది. ఒక జెస్విట్, ఒక డొమినికన్, అంటే ఇద్దరూ కేథలిక్ సాధువులే, జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మాండరిన్ ఇద్దర్నీ జైల్లో వెయ్యమన్నాడు. ఎన్నాళ్లు ఉంచమంటారు అని కింది అధికారి అడిగాడు. “ఇద్దరూ ఒక మాట మీదికొచ్చేదాకా.” అయితే చచ్చేదాకా ఉంటారండీ. “సరే, ఒకర్నొకరు క్షమించుకునేదాకా.” అదీ జరగదండీ. “పోనీ, క్షమించుకున్నట్టు నటించేదాకా!” మూడు పుస్తకాల్లో నవ్వించేది ఇదొక్కటే.

అయితే మన పరీక్షలో వోల్టేర్ గట్టెక్కడు. ఆయన జవాబు, కుదించి చెబితే, మనమంతా పొరపాట్లు చేసే మనుషులమే, ఒకరి తిక్కలు ఒకరు సహిద్దాం అని. బాగానే ఉంది. కానీ ఎదురుగా ఉన్నాయన “పొరపాటు నాది కాదు, వాడిది” అంటే? అనుమానమే లేని మనిషికి అనుమానాన్ని మందుగా ఇస్తే పుచ్చుకోడు.

పైగా గురివింద గింజ సామెత ఒకటుంది. మూఢత్వాన్ని తుదముట్టించమని ఊరంతా చాటిన ఈయన 1764 నాటి ‘తాత్విక నిఘంటువు’లో యూదుల గురించి రాసినవి చదువుతుంటే ఇవాళ తల దించుకోవాల్సి వస్తుంది. ఇస్లాం ప్రవక్త మీద రాసిన నాటకమూ అంతే. అసలు గురి కేథలిక్ మతోన్మాదం మీదే కావచ్చు, దెబ్బ పడింది మాత్రం వేరే మతం మీద. చర్చిని తిట్టడానికి పనికొస్తుందంటే ఏదైనా నమ్మేసేవాడు కూడా. ‘ఎజుర్ వేదం’ అని ఇండియా నుంచి వచ్చిన ఒక ఫ్రెంచి రాతప్రతిని పురాతన గ్రంథమని మెచ్చుకుని 1761లో రాజుగారి గ్రంథాలయానికి ఇచ్చాడు. తీరా చూస్తే అది క్రైస్తవ మిషనరీల అల్లిక. ఇవన్నీ ఉన్నా ఆయన రాతలకు ప్రమాదం లేకపోలేదు. 1766లో అబ్బెవిల్‌లో లా బార్ అనే యువకుణ్ణి దైవదూషణ నేరం కింద తల నరికి కాల్చినప్పుడు, ఆ మంటలో ఈ నిఘంటువును కూడా పడేశారు.

లాక్ దగ్గరికి వస్తే ఈ వేడి ఉండదు. 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్లకు ఉన్న కాస్త రక్షణనూ రద్దు చేశాడు. ఇంగ్లండ్ నుంచి తప్పించుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న లాక్ ఆ చలికాలంలో ఈ లేఖను లాటిన్‌లో రాశాడు. పేరు పెట్టకుండా అచ్చు వేయించాడు. తనదేనని చనిపోయే ముందు వీలునామాలో గానీ ఒప్పుకోలేదు.

ఆయన వాదన ప్రభుత్వంతో మొదలవుతుంది. సర్కారు ఉన్నది ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడటానికి. ఆత్మను ఉద్ధరించే పని దానికెవరూ అప్పగించలేదు. పైగా కర్రతో కొట్టి నమ్మకం పుట్టించలేం. ఇక్కడే దూడ ఉదాహరణ ఇస్తాడు. ఒకడు తన దూడను ఇంట్లో కోసుకోవచ్చు అంటే, దాన్నే పూజలో బలి ఇచ్చినా సర్కారుకు పట్టకూడదు. కానీ పశువులకు జబ్బొచ్చి మంద తగ్గిపోయిందనుకోండి. అప్పుడు దూడల్ని ఎవరూ ఏ పనికీ కోయొద్దని చట్టం చేయొచ్చు. అది పూజ మీద చట్టం కాదు, పశువుల మీద చట్టం. పసిపిల్లల్ని బలిస్తామంటే మాత్రం ఎక్కడైనా నేరమే, గుడిలోనైనా సరే. మతానికీ చట్టానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఇంత తేలిక మాటల్లో చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు. మన రాజ్యాంగంలో 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అని హద్దులు పెట్టడం చదివినప్పుడల్లా నాకు ఈ దూడే గుర్తొస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి, పెద్దవే. నాస్తికుడికి ఒట్టు మీద భయం ఉండదు కాబట్టి అతన్ని సహించనక్కర్లేదన్నాడు. వేరే దేశపు రాజుకు కట్టుబడే మతస్థుల్నీ మినహాయించాడు. కేథలిక్కులే ఆ గురి అని చాలామంది చదువుతారు. అంతలో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న జోనస్ ప్రోస్ట్ అనే మతాచార్యుడు 1690లో ఒక గట్టి ప్రశ్న వేశాడు: దెబ్బ నమ్మకం పుట్టించకపోవచ్చు, కానీ వినడానికే ఇష్టపడని వాణ్ణి కూర్చోబెట్టి వినిపించగలదు కదా? లాక్ దానికి రెండో లేఖ, మూడో లేఖ రాసుకుంటూ పోయాడు, 1704లో చనిపోయేనాటికి నాలుగోది సగంలో ఉంది. ఒక్క ప్రశ్నకు ఇన్ని జవాబులు కావాల్సి వచ్చాయంటే, మొదటి దెబ్బ గట్టిగానే తగిలిందన్నమాట.

ప్రోస్ట్ అడగకముందే ఆ చిల్లు పూడ్చినవాడు బేల్. రాటర్‌డామ్‌లో ప్రవాసంలో ఉన్నాడు. ఈయన రాతల కోపం ఫ్రాన్స్‌లో ఉన్న అన్న జాకబ్ మీద తీర్చుకున్నారు. 1685 నవంబర్‌లో ఆయన జైల్లో చనిపోయాడు. ఏడాది తిరక్కుండా ఈ పుస్తకం వచ్చింది. బైబిల్లో “లోపలికి రమ్మని బలవంతపెట్టు” అనే మాట ఉంది. హింసకు ఆ వాక్యాన్నే సాక్ష్యంగా చూపేవారు. బేల్ అడిగేది ఒక్కటే: సత్యం తెలిసినవాడికి కొట్టే హక్కుంది అంటే, ఆ హక్కు ఎవరికి? ప్రతివాడూ సత్యం తన దగ్గరే ఉందంటాడు. కేథలిక్ రాజ్యంలో ప్రొటెస్టెంట్‌ను, ప్రొటెస్టెంట్ రాజ్యంలో కేథలిక్‌ను, ఇద్దర్నీ ఇంకో రాజ్యంలో ముస్లిం సుల్తాను, అందరూ “న్యాయంగానే” కొడతారు. మన ఎదుటాయనకు అనుమానం లేకపోయినా ఫర్వాలేదు. తనకు అడిగిన హక్కు పక్కవాడికీ ఇవ్వాలి, అప్పుడు తన వీపు కూడా చూసుకోవాలి. నాస్తికుడూ నీతిగా బతకగలడని బేల్ 1682లోనే రాశాడు, లాక్ కంటే ముందే. వోల్టేర్ కూడా అంత దూరం వెళ్లలేదు, జనానికి దేవుడనే పగ్గం ఉండాలన్నాడు.

కాబట్టి పరీక్షలో నా మార్కులు బేల్‌కే. ఇబ్బంది ఏమిటంటే ఈయన్ను చదవడం నెమ్మదైన పని, ఒకే మాటను పది వైపుల నుంచి తిప్పి తిప్పి చెబుతాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. అంతరాత్మ పొరబడినా దాని మాటే వినాలంటాడు. మరి అంతరాత్మ సాక్షిగా పక్కవాణ్ణి కొట్టేవాణ్ణి ఏం చేయాలి? ఆ చిక్కు ఆయనకూ తెలుసు, పూర్తిగా విప్పలేకపోయాడు. అక్కడ మళ్లీ లాక్ దూడ దగ్గరికే రావాలి. నువ్వేం నమ్మినా సరే, ఒకడి ఒంటి మీద చెయ్యి పడితే అది చట్టం చూసుకునే విషయం.

చదవడం మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేనిచ్చేది వోల్టేరే, అదీ కలాస్ కథ ఉన్న మొదటి అధ్యాయం. తర్వాత లాక్ మొదటి లేఖ, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. రెండో లేఖ, మూడో లేఖ జోలికి పోనక్కర్లేదు. బేల్‌లో ఆ బైబిల్ వాక్యాన్ని చీల్చి చెండాడే మొదటి భాగం చాలు.