టియోట్రోపియం పొడి ఇన్‌హేలర్: కొన్ని నెలల వాడకం తర్వాత

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల అవరోధ వ్యాధి వల్ల ఇరుకైన శ్వాసనాళాలను సడలించేందుకు 18 మైక్రోగ్రాముల టియోట్రోపియం క్యాప్సూళ్లను పొడి ఇన్‌హేలర్‌తో కొన్ని నెలలుగా వాడుతున్నాను. నాళాల చుట్టూ ఉన్న కండరాన్ని బిగించే ఎసిటైల్‌కోలిన్ పనిని ఈ మందు అడ్డుకుంటుంది; ఆ ప్రభావం 24 గంటలు నిలుస్తుంది కనుక రోజుకొక్కసారి వాడితే చాలు, మెట్లెక్కేటప్పుడు ఆయాసం నాకు స్పష్టంగా తగ్గింది. అయితే హఠాత్తుగా ఊపిరాడనప్పుడు ఇది అక్కరకు రాదు, సాల్బ్యుటమాల్ వంటి వేగంగా పనిచేసే మందు దగ్గర ఉండాల్సిందే.

నా ఫిర్యాదల్లా పరికరం మీదే. క్యాప్సూల్‌ను గుచ్చి, ఊపిరిని పూర్తిగా బయటికి వదిలి (పరికరంలోకి మాత్రం కాదు), లోపల క్యాప్సూల్ గరగరమని కంపించేలా పీల్చాలి, మిగిలిన పొడి కోసం మరోసారి పీల్చాలి; వేళ్లు వణికేవారికి ఇది చిన్న పని కాదు. క్యాప్సూల్‌ను మింగకూడదన్న హెచ్చరిక ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండవలసింది. నోరు మాత్రం తరచూ ఎండిపోతోంది.