పెద్దయ్యాక సర్ఫింగ్: ఏ బోర్డు, ఏ అల, ఎవరి దగ్గర మేలు?

ముప్పై ఐదో, నలభై ఐదో వచ్చాక సర్ఫింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఈ వయసులో వస్తుందా?" అని. వస్తుంది. ఈత వచ్చి, బోర్లా పడుకుని చేతుల మీద లేవగలిగితే చాలు, మొదలుపెట్టవచ్చు. కాకపోతే పిల్లలకు వచ్చిన దారిలో రాదు. సముద్రం పక్కన పెరిగే పిల్లలు రోజూ నీళ్లలోనే ఉంటారు, ఎన్నిసార్లు పడ్డా పట్టించుకోరు. పెద్దవాళ్లకు దొరికేది ఏడాదికో సెలవు వారం, వీలైతే మధ్యలో కొన్ని ఆదివారాలు. పైగా బరువు ఎక్కువ, భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. దెబ్బ తగిలితే సోమవారం పనికి ఎలా వెళ్లాలన్న టెన్షన్ ఒకటి.

అందుకే ఏ రెండింటిని పోల్చినా నేను ఒకే కొలత పెట్టుకుంటాను. నీళ్లలో గడిపే ఒక గంటలో ఎన్నిసార్లు లేచి నిలబడే అవకాశం వస్తుంది? బాగా వచ్చినవాళ్లు కూడా సముద్రంలో ఉన్న సమయంలో దాదాపు సగం, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని తోసే ప్యాడ్లింగ్‌లోనే గడుపుతారు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం అల కోసం ఎదురుచూపే. అల మీద నిలబడి ఉండేది పదో వంతు కూడా కాదు. కొత్తవాళ్లకు అది ఇంకా తక్కువ, కొన్ని సెకన్లే. ఆ సెకన్లను పెంచేది ఏదైతే అదే మేలు.

పొడవాటి మెత్తని బోర్డా, పొట్టి గట్టి బోర్డా?

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది బోర్డే. ఎక్కువమంది తప్పుగా ఎంచుకునేదీ దాన్నే. పోటీల్లో కనిపించేవి ఆరడుగుల పొట్టి బోర్డులు కాబట్టి సర్ఫింగ్ అంటే అదేనన్న అభిప్రాయం పడిపోయింది. కానీ ఆ బోర్డు మీద మొదటి ఏడాది నేర్చుకోవడమంటే దాదాపుగా ఏడాదంతా ఏమీ నేర్చుకోకపోవడమే.

బోర్డు ఎంత తేలుతుందో లీటర్లలో చెబుతారు. మునిగిన ఒక్కో లీటరు పరిమాణానికీ నీరు సుమారు ఒక కిలో బరువును పైకి నెడుతుంది. పైన మెత్తని ఫోమ్ ఉండే ఎనిమిది అడుగుల సాఫ్ట్ టాప్ బోర్డుల్లో చాలావరకు 70 నుంచి 85 లీటర్ల మధ్య ఉంటాయి. పోటీల పొట్టి బోర్డు 30 లీటర్ల దగ్గర ఉంటుంది. 75 కిలోల మనిషి ఆ 30 లీటర్ల మీద పడుకుంటే బోర్డు చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది. చేతులు ఎంత ఆడించినా అది నీటిని తోసుకుంటూ పోతుందే తప్ప నీటి మీద జారదు. పెద్ద బోర్డు మీద అదే మనిషి పైకి తేలి ఉంటాడు, అంతే బలంతో రెట్టింపు దూరం పోయినట్టు అనిపిస్తుంది.

అసలు తేడా అల అందుకునే క్షణంలో తెలుస్తుంది. మీటరు లోతు నీటిలో అల సెకనుకు సుమారు మూడు మీటర్ల వేగంతో, అంటే గంటకు 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కొత్తవాళ్ల ప్యాడ్లింగ్ వేగం అందులో సగం కూడా ఉండదు. ఆ లోటును అల వాలే పూడ్చాలి. పొడవాటి బోర్డు కాస్త వాలు దొరికినా జారడం మొదలుపెడుతుంది, అందుకని అల ఇంకా మెత్తగా ఉండగానే దాన్ని అందుకుంటారు, లేచి నిలబడటానికి వ్యవధి ఉంటుంది. పొట్టి బోర్డుకు అల నిటారుగా లేచి విరగబోయే దాకా ఆగాలి. అప్పుడు లేవడానికి దొరికేది రెప్పపాటు. చాలా ఏళ్లుగా చేస్తున్నవాళ్లకు ఆ రెప్పపాటు సరిపోతుంది, మనకు సరిపోదు.

ఇక మెత్తదా, గట్టిదా అన్నది. తొమ్మిదడుగుల ఫైబర్‌గ్లాస్ లాంగ్‌బోర్డు నిజానికి సాఫ్ట్ టాప్ కంటే చక్కగా జారుతుంది, చెప్పిన మాట వింటుంది. సాఫ్ట్ టాప్ కొంచెం వంగుతుంది, తిరగడానికి బద్ధకిస్తుంది, గాలి ఉంటే మోసుకెళ్లడం కష్టం. అయినా మొదట సాఫ్ట్ టాపే తీసుకోమంటాను. కొత్తవాళ్ల ఒంటికి సముద్రం కంటే ఎక్కువగా తగిలేది తమ బోర్డే. ఫోమ్ అంచు తగిలితే కమిలిపోతుంది, గట్టి బోర్డు అంచో, బోర్డు అడుగున రెక్కలా ఉండే ఫిన్ కొసో తగిలితే కుట్లు పడతాయి. పక్కన ఈదుతున్న పిల్లలకు తగిలే ప్రమాదం కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. బోర్డును కాలికి కట్టి ఉంచే లీష్ కూడా పూర్తి రక్షణ కాదు. వెట్‌సూట్ల తయారీలో పేరు పొందిన జాక్ ఓనీల్ 1970ల తొలినాళ్లలో, సాగే లీష్ బోర్డును వెనక్కి విసరడంతో ఎడమ కంటి చూపు పోగొట్టుకున్నారు. ఇప్పటి లీష్‌లు అంతగా సాగవు, కానీ నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు తల చుట్టూ చేతులు అడ్డం పెట్టుకుని రావడం మొదటి రోజే అలవాటు చేసుకోవాలి.

కొనడమా, అద్దెకు తీసుకోవడమా అంటే అద్దెకే. ఇంకో మాట అక్కర్లేదు.

నురుగులోనా, విరగని అల మీదా?

విరిగి తెల్లని నురుగుగా మారి ఒడ్డుకు వచ్చే అలను వైట్ వాటర్ అంటారు. ఇంకా విరగకుండా నునుపుగా లేస్తున్నది గ్రీన్ వేవ్. నురుగులో నేర్చుకోవడం చిన్నతనంగా భావించేవాళ్లున్నారు. నా లెక్కలో మొదటి రోజులకు అంతకంటే మంచి బడి లేదు. అల సాధారణంగా తన ఎత్తుకు 1.3 రెట్ల లోతుకు వచ్చేసరికి విరుగుతుంది. అంటే అర మీటరు అల 65 సెంటీమీటర్ల నీళ్ల దగ్గర విరుగుతుంది. ఇంత లోతులో కాళ్లు నేలకు ఆనుతాయి, పడ్డా లేచి మళ్లీ బోర్డు తిప్పుకోవచ్చు, లోపలికి ప్యాడ్లింగ్ చేసే శ్రమ లేదు. గంటలో డజన్ల కొద్దీ ప్రయత్నాలు చేయవచ్చు. నీళ్లు అంత తక్కువ ఉన్నాయి కాబట్టే తల ముందుకు పెట్టి దూకకూడదు. పడేటప్పుడు చేతులు, కాళ్లు చాపి, వెల్లకిలానో పక్కకో పరుచుకున్నట్టు పడాలి.

కానీ నురుగులోనే ఉండిపోవడమూ మంచిది కాదు. నురుగు బోర్డును తిన్నగా ఒడ్డుకు తోస్తుంది, అంతే. ఏ అల విరుగుతుంది, ఎటు విరుగుతుంది, తాను ఎక్కడ ఉండాలి అన్న చదువు అక్కడ దొరకదు. సర్ఫింగ్‌లో సగం పైగా ఆ చదువే. పదిసార్లు ప్రయత్నిస్తే ఏడెనిమిది సార్లు నిలబడి, చూపు ముందుకు పెట్టి ఒడ్డు దాకా రాగలుగుతున్నారంటే, ఇక లోపలికి వెళ్లండి. నడుము ఎత్తు దాటని అలలున్న రోజు చూసుకోండి. లోపల కొత్త మర్యాద ఒకటుంది. అల మొదట విరిగే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది, మధ్యలో అడ్డం పడకూడదు. ఇంకొకటి, ఎదురుగా అల వస్తోందని భయపడి బోర్డును వదిలేయకూడదు, వెనక ఉన్నవాళ్ల మీదికి పోతుంది.

లేచే పద్ధతిలోనూ రెండు దారులున్నాయి. ఒక్క ఊపులో రెండు కాళ్లూ కిందికి తెచ్చే పాప్-అప్ ఒకటి, వెనక కాలిని మొదట మోపి, ఆ తర్వాత ముందు కాలిని తెచ్చుకునేది మరొకటి. నడుము, తుంటి బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు రెండోదే నయం. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, పెద్ద బోర్డు మీద దానికి కావలసినంత సమయం ఉంటుంది. మోకాళ్ల మీద ఆగడం మాత్రం వద్దు. సులువుగా ఉంటుంది కాబట్టే అది అలవాటైపోతుంది, తర్వాత వదిలించుకోవడం కష్టం. చూపు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సైకిల్ నేర్చుకునేటప్పుడు ఎటు చూస్తే అటే పోయినట్టు, బోర్డు ముక్కు వైపు చూస్తే అటే పడతారు. ఒడ్డు మీద ఏదో ఒక గుర్తు పెట్టుకుని దాన్నే చూడండి.

కోచ్ దగ్గరా, స్నేహితుడి వెంటా, సొంతంగానా?

సొంతంగా అన్నది పక్కన పెట్టేయండి. ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే ప్రవాహం, అంటే రిప్ కరెంట్, ఎక్కడుందో గుర్తుపట్టలేని మనిషి ఒంటరిగా సముద్రంలోకి దిగకూడదు. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సందులోనే తరచూ ఆ ప్రవాహం ఉంటుంది, కొత్తవాళ్లకు అదే మంచి చోటులా కనబడుతుంది. అందులో చిక్కుకుంటే ఎదురీదకుండా, బోర్డును వదలకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ప్యాడ్లింగ్ చేసుకుంటూ బయటపడాలి. ఇది చదివితే అర్థమవుతుంది, కానీ మొదటిసారి పక్కన ఒకరు ఉండి చూపించాలి.

సర్ఫింగ్ బాగా వచ్చిన స్నేహితుడు ప్రేమతోనే పిలుస్తాడు. కానీ చాలాసార్లు తనకు నచ్చిన చోటికి, తన స్థాయి అలల దగ్గరికి తీసుకెళ్తాడు. ఇరవై ఏళ్ల కిందట తాను ఎలా నేర్చుకున్నాడో అతనికే గుర్తుండదు. కోచ్ చేసేది మూడు పనులు: సరైన అలను ఎంచి ఇవ్వడం, సరైన క్షణంలో బోర్డును తోయడం, నిలబడ్డాక ఏం తప్పు జరిగిందో వెంటనే చెప్పడం. ఆ తోపు వల్ల భుజాలు అలసిపోకుండా గంటలో నిలబడే సార్లు పెరుగుతాయి. డబ్బు ఒకేచోట పెట్టగలిగితే మొదటి రెండు మూడు పాఠాలకు పెట్టండి, ఇద్దరు ముగ్గురు మించని గుంపైతే సరిపోతుంది, ఒక్కరికే ప్రత్యేకంగా అక్కర్లేదు. మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ పక్కవాళ్లను గమనించడం కూడా పాఠమే.

మూడో పాఠం తర్వాత మాత్రం "ఇక తోయకండి" అని మీరే అడగాలి. కోచ్ తోపుతో వారమంతా నిలబడినవాళ్లు తర్వాత ఒంటరిగా ఒక్క అల కూడా అందుకోలేక నిరుత్సాహపడి వదిలేయడం నేను చూశాను. ప్యాడ్లింగ్ రానిదే సర్ఫింగ్ లేదు.

చోటు విషయం త్వరగా చెప్పేస్తాను. అడుగున ఇసుక ఉన్న, మెల్లగా లోతయ్యే తీరం మేలు. దక్షిణాఫ్రికాలో మ్యూజెన్‌బర్గ్, శ్రీలంకలో వెలిగామ, బాలిలో కూటా ఇలాంటివే కాబట్టి అక్కడ అన్ని సర్ఫింగ్ స్కూళ్లున్నాయి. అదే బాలిలోని ఉలువాటు అడుగున రీఫ్, అంటే గట్టి పగడపు దిబ్బ, ఉంటుంది, అక్కడికి కొత్తవాళ్లకు పని లేదు. రీఫ్ ఉన్నా మెత్తగా ఉండే చోట్లూ కొన్ని ఉన్నాయి. హవాయిలోని వైకికీలో అలలు ఒడ్డుకు చాలా దూరంలో విరిగి నింపాదిగా వస్తాయి. సర్ఫింగ్‌ను ప్రపంచానికి చాటిన హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు పొడవాటి చెక్క బోర్డుల మీద సర్ఫింగ్ చేసింది ఆ అలల మీదే. 1914–15లో ఆయన ఆస్ట్రేలియా వెళ్లి ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో జనానికి చూపించిందీ పొడవాటి బోర్డు సర్ఫింగే.

యంత్రాలతో అలలు పుట్టించే కొలనుల, అంటే వేవ్ పూల్స్, సంగతేమిటని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. 2019లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర తెరిచిన దానిలాంటి చోట్ల ఒకేలాంటి అల పదేపదే వస్తుంది. లేచి నిలబడటం సాధన చేయడానికి నిజంగా బాగుంటుంది, నా కొలత ప్రకారం చూస్తే సముద్రాన్ని మించిపోతుంది కూడా. కానీ అక్కడ అలను వెతుక్కోవడం నేర్చుకోరు. పైగా మంచినీరు ఉప్పునీటి కంటే సుమారు 2.5 శాతం తక్కువ సాంద్రత గలది, బోర్డు కొద్దిగా తక్కువ తేలుతుంది. సముద్రం దగ్గర్లో ఉన్నవాళ్లకు అది అదనం మాత్రమే. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు సెలవు వారానికి ముందు ఒకటి రెండుసార్లు అక్కడికి వెళ్లొస్తే ఆ వారం చాలా కలిసొస్తుంది.

వారమంతా ఒకేసారా, వారానికోసారా?

వీలుంటే ఒకేసారి. నిన్నటి తప్పు ఇవాళ్టికి ఒంట్లో ఇంకా గుర్తుంటుంది, నెల తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అయితే మొదటి రోజే రెండు పూటలూ దిగకండి. పక్కటెముకలు, భుజాలు, మెడ ఇవన్నీ అప్పటిదాకా ఎరగని పని చేస్తాయి. నాలుగైదు రోజుల క్యాంపులో మధ్యలో ఒక పూట ఖాళీ ఉంచుకున్నవాళ్లే చివరి రోజు బాగా చేస్తారు.

ఇది తప్పక తెలుసుకోవాలి: సర్ఫర్స్ మయలోపతి అనే అరుదైన వెన్నుపాము సమస్య ఒకటి ఉంది. 2004లో హవాయి వైద్యులు దాన్ని మొదట వర్ణించారు. అది ఎక్కువగా వచ్చేది మొదటిసారి సర్ఫింగ్ చేసేవాళ్లకే, బోర్డు మీద బోర్లా పడుకుని నడుమును చాలాసేపు వెనక్కి వంచి ఉంచడం వల్ల అని భావిస్తున్నారు. నీళ్లలో ఉండగా హఠాత్తుగా నడుము నొప్పి వచ్చి, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా "అలసట" అనుకోకుండా వెంటనే బయటికి వచ్చి ఆసుపత్రికి వెళ్లాలి. ఎదురుచూసేటప్పుడు పడుకుని ఉండకుండా బోర్డు మీద కూర్చోవడం, అప్పుడప్పుడు నడుమును వదులు చేయడం మంచి అలవాటు.

చిన్న బోర్డుకు ఎప్పుడు మారాలన్నదానికి నా దగ్గర తేదీ లేదు. ఎవరూ తోయకుండా విరగని అలను మీరే ఎంచుకుని, అందుకుని, కుడికో ఎడమకో అల వెంట పోగలిగినప్పుడు మారవచ్చు. అప్పుడు కూడా ఒక్కసారిగా 80 లీటర్ల నుంచి 30కి దిగకండి. మొదట 60 లీటర్ల దగ్గరున్నది అద్దెకు తీసుకుని చూడండి. దాని మీద గంటలో నిలబడే సార్లు బాగా తగ్గిపోతే, పెద్ద బోర్డుతో మరికొన్ని రోజులు నేర్చుకోండి.