చెవి లేని బ్లూ నోట్, నా చెవిలో పువ్వు

నేనుండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. అరగంట కూడా పట్టని దూరంలో నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్ ఉంది. ఒకప్పుడు అక్కడ అచ్చయిన రికార్డు కోసం, ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న ఒకాయనకి మొన్న 285 డాలర్లు పంపాను. తీరా వచ్చింది అక్కడ అచ్చయినది కాదు. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత రికార్డులు ఆన్‌లైన్‌లో కొనే మనవాళ్ళు, ముఖ్యంగా సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి హైదరాబాద్ మోసుకెళ్ళేవాళ్ళు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

రికార్డు ట్రంపెట్ వాయించే లీ మోర్గాన్ 'ది సైడ్‌వైండర్', మోనో, నంబరు 4157. 1963 డిసెంబరు 21న ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని సౌండ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు, 1964లో బజారులోకి వచ్చింది. టెనర్ సాక్సఫోన్ జో హెండర్సన్, డ్రమ్స్ బిల్లీ హిగిన్స్. జాజ్ అంటే తలనొప్పి అనేవాళ్ళు కూడా మొదటి పాటకి కాలు ఆడిస్తారు. అమ్మినాయన ప్రకటనలో 'మొదటి ప్రెస్సింగ్, విజీ ప్లస్' అని రాశాడు, అంటే మొదటి విడత అచ్చులోది, వాడినా మంచి స్థితిలో ఉన్నది అని. ఫొటోలు మూడు: అట్ట ముందు, అట్ట వెనక, లేబుల్. అట్ట వెనక 43 వెస్ట్ 61వ వీధి చిరునామా ఉంది. లేబుల్ మీద 'న్యూయార్క్ యూఎస్ఏ' అని ఉంది. నాకు తెలిసిన గుర్తులు ఆ రెండే. రెండూ సరిపోయాయి కాబట్టి ఇంకేం అడగలేదు. అక్కడే బోల్తా పడ్డాను.

చూడాల్సిన మూడో గుర్తు ఫొటోలో లేదు. పాట అయిపోయాక ముల్లు తిరుగుతూ ఉండిపోయే ఖాళీ జాగా ఉంటుంది చూడండి, లేబుల్ చుట్టూ నున్నటి నల్ల పట్టీ, దాన్ని డెడ్ వాక్స్ అంటారు. 1966 వరకు బ్లూ నోట్ రికార్డులు అచ్చువేసిన ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉండేది. వాళ్ళు ఆ డెడ్ వాక్స్‌లో గొలుసుకట్టు రాతలో చిన్న 'పి' అక్షరం చెక్కేవారు. పక్కనుంచి చూస్తే అచ్చం మనిషి చెవిలా ఉంటుంది. అందుకే సేకర్తలంతా దాన్ని 'చెవి' అంటారు. ఈ రికార్డు మొదటి ప్రెస్సింగ్ అయితే ఆ చెవి ఉండి తీరాలి. పెట్టె విప్పి, దీపం కింద అటూ ఇటూ వంచి పావుగంట వెతికాను. లేదు. మా ఆవిడ ఫోన్ టార్చి పట్టింది. అయినా లేదు.

మరి లేబుల్, అట్ట పాతవే ఎలా అయ్యాయంటారా? బెర్లిన్ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ న్యూయార్క్‌లో 1939లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ వచ్చి కలిశాక ఇద్దరూ దాదాపు పాతికేళ్ళు నడిపి, 1960ల నడుమ లిబర్టీ రికార్డ్స్‌కి అమ్మేశారు. లిబర్టీ వాళ్ళు అచ్చు పనిని వేరే ఫ్యాక్టరీలకి మార్చారు. కానీ పాత లేబుళ్ళు, అట్టలు కట్టలకొద్దీ మిగిలాయి. ఎవరైనా పారేస్తారా? అవి అయిపోయేదాకా కొత్త రికార్డులకే అతికించారు. అందుకే పైకి అంతా 1964, లోపల మాత్రం తర్వాతి ప్రెస్సింగ్. ఇది దొంగ సరుకు కాదు, బ్లూ నోట్ వాళ్ళదే. కాకపోతే మొదటిది కాదు. మా దగ్గర్లో పాత రికార్డుల కొట్టాయన చూసి, నేనిచ్చిన డబ్బులో సగం కూడా పలకదని తేల్చేశాడు.

అమ్మినాయనకి రాస్తే, 'డెడ్ వాక్స్‌లో వాన్ గెల్డర్ ముద్ర ఉంది కదా, ఇంకేం కావాలి' అని జవాబు. ముద్ర ఉన్నమాట నిజమే. కానీ అది అచ్చుకి మూలమైన మాస్టర్ మీద గాడి కోసిన మనిషి గుర్తు, అచ్చువేసిన ఫ్యాక్టరీ గుర్తు కాదు. వాన్ గెల్డర్ కోసిన మాస్టర్ నుంచే లిబర్టీ వాళ్ళూ అచ్చువేశారు కాబట్టి దాని మీదా ఉంటుంది. ఈ మాట ఎవరైనా మీతో అంటే అక్కడే ఆగండి. తెలియక అంటున్నాడో తెలిసే అంటున్నాడో మనకి అనవసరం.

ఇక విజీ ప్లస్ సంగతి. పైన గీత లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. ముల్లు పెట్టాక తెలిసింది. ట్రంపెట్ పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు జీరపోయినట్టు చిర్రుమంటోంది, లోపలి పాటకి వచ్చేసరికి మరీ ఘోరం. బరువైన ముల్లుతో ఏళ్ళ తరబడి వాయిస్తే గాడి గోడలు అరిగిపోతాయి, అది కంటికి కనిపించదు. మా నాన్న ఘంటసాల ప్లేట్లు ఇలాగే అరగదీశారు, ఆ చప్పుడు నాకు పరిచయమే. నా లెక్కలో సోల్ జాజ్, అంటే చిందులేయించే తరహా జాజ్ రికార్డులకి ఈ గండం ఎక్కువ. జిమ్మీ స్మిత్ హామండ్ ఆర్గన్ రికార్డులు, లూ డొనాల్డ్‌సన్‌వి జనం పార్టీల్లో వేసుకుని చిందులేసినవి, బీరువాలో దాచుకున్నవి కావు. కాబట్టి 'చూసి గ్రేడ్ చేశావా, వాయించి చేశావా' అని అడగండి. వాయించానంటే, ప్రతి వైపూ ఆఖరి పాట ఒక్క నిమిషం ఫోన్‌లో రికార్డు చేసి పంపమనండి.

డెడ్ వాక్స్ ఫొటో రెండు వైపులదీ, దీపం ఏటవాలుగా పడేలా తీయించుకోండి. కుదరదంటే వదిలేయండి. అలాగని చెవి లేనిదల్లా తర్వాతిదే అనీ అనుకోకండి. 1966 తర్వాత మొదటిసారి వచ్చిన ఆల్బమ్‌లకి చెవి ఉండదు. 1967 నాటి లూ డొనాల్డ్‌సన్ 'అలిగేటర్ బూగలూ'కి చెవి కావాలని పట్టుబడితే నవ్వుతారు. ముందు ఆల్బమ్ ఏ ఏడాదిదో చూసుకుని అప్పుడు చెవి వెతకండి.

నా తప్పు ఇంకోటుంది, సిగ్గు విడిచి చెబుతున్నా. కొనుగోలుగా కాక స్నేహితుడికి పంపినట్టుగా డబ్బు పంపితే 15 డాలర్లు తగ్గిస్తానన్నాడు అమ్మినాయన. పంపేశాను. అలా పంపిన డబ్బుకి కొనుగోలుదారుకిచ్చే రక్షణ వర్తించదు. ఫిర్యాదు చేస్తే మొదటి అడుగులోనే కొట్టేశారు. చాలా బతిమాలాక ఆయన 40 డాలర్లు వెనక్కిచ్చాడు. పదిహేను కోసం ఎంత పోగొట్టుకున్నానో మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు లెక్క చెప్పింది.

పాత కాగితం వాసన కాదు, పాట కావాలి అనుకుంటే ఇంత యాతన అక్కర్లేదు. 2019లో మొదలైన టోన్ పోయెట్, ఆ తర్వాత వచ్చిన క్లాసిక్ వినైల్ వరసల్లో పాత ఆల్బమ్‌లని బ్లూ నోట్ వాళ్ళే మళ్ళీ వేస్తున్నారు, మాస్టర్ కోసేది కెవిన్ గ్రే. కెన్నీ బరెల్ 'మిడ్‌నైట్ బ్లూ' కొత్తది 28 డాలర్లకి కొన్నాను. చిటపట లేదు, గిటారు పక్కగదిలో వాయిస్తున్నట్టుంది. అసలు ఇదే ముందు కొని ఉండాల్సింది.

ఆ సైడ్‌వైండర్ ఇంకా ఇంట్లోనే ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి. చెవి లేదు, రెండో వైపు చివర జీర ఉంది, డెడ్ వాక్స్ ఫొటోలు ముందే పంపుతాను. ధర మీరే చెప్పండి.