మిర్రర్ పడవ: పొట్టి కొయ్యను నేనెందుకు వదులుకోలేదు

ఇంగ్లండులో నార్ఫోక్ నదుల మీద చాలా ఏళ్లుగా పాత చెక్క మిర్రర్ పడవను నడుపుతున్నాను. జాక్ హోల్ట్, బారీ బక్నెల్ కలిసి రూపొందించగా 1963లో జనం ముందుకు వచ్చిన ఈ 3.3 మీటర్ల పడవ గురించి, దాని ఎర్ర తెరచాపల గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. నేను చెప్పదలచుకున్నది దాని తెరచాప కొయ్య గురించే.

పాత మిర్రర్‌లో ఒకే పొడవాటి కొయ్య ఉండదు. పొట్టి కొయ్య ఒకటి పడవలో నిలబడితే, తెరచాప అంచును పట్టుకున్న రెండవ కొయ్య తాడు లాగగానే దాని వెంట నిటారుగా పైకి లేస్తుంది. దీనిని గంటర్ అమరిక అంటారు. దించినప్పుడు కొయ్యలన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి. తరువాతి కాలపు సవరణల్లో ఫైబర్‌గ్లాస్ పడవలు, మారిన లోపలి అమరికతో పాటు, పడవ కంటే పొడవైన ఒంటి కొయ్య కూడా వచ్చింది.

ఆ రెంటికీ ఉన్న తేడా పాటర్ హైయమ్ వంతెన దగ్గర నాకు పూర్తిగా తెలిసింది. థర్న్ నది మీది ఆ మధ్యయుగపు రాతి వంతెన కింద, కమాను నడిమధ్యన కూడా, నీటికీ రాతికీ మధ్య ఎడం సుమారు 2 మీటర్లే. హిక్లింగ్ బ్రాడ్ సరస్సు నుంచి ఒక సాయంత్రం మా అబ్బాయితో తిరిగి వస్తుండగా గాలి పూర్తిగా పడిపోయింది. ఒంటి కొయ్య అమర్చిన కొత్త మిర్రర్‌లో ఒక మిత్రుడు మా వెంటే వస్తున్నాడు. ఒడ్డుకు కట్టి నేను తాడు వదలగానే పైకొయ్య తెరచాపతో సహా దిగింది; కొయ్యను పడవ ముందు వైపుకు పట్టి ఉంచే తాడు విప్పి పొట్టి కొయ్యను ఒక్కణ్ణే ఎత్తి పక్కన పడుకోబెట్టాను. నడిమి బల్ల మీద కూర్చుని తెడ్లు వేయడానికి ఏదీ అడ్డు రాలేదు. కమాను దగ్గర ప్రవాహం ఎదురు తన్నుతున్నా, గట్టిగా నాలుగు తెడ్లు వేసి, వాటిని లోపలికి లాక్కుని, ఆ ఊపులోనే దాటాము. మిత్రుని కొయ్య దించాక ముందూ వెనకా బయటికి పొడుచుకు వచ్చి, లోపల తెడ్డు వేసే చోటును కూడా ఆక్రమించింది. చివరికి నేను వెనక్కి వెళ్లి ఆయన పడవను తాడుతో లాక్కుని రావలసి వచ్చింది. తెరచాపకూ తెడ్డుకూ సమానంగా పనికి రావాలని పుట్టిన పడవను సవరించేటప్పుడు తెడ్డును మరచిపోయారన్న బాధ నాకు అప్పటి నుంచీ ఉంది.

ఇది మంచి తెడ్ల పడవ అని అందరికీ చెబుతూ వచ్చాను. నీరు నిశ్చలంగా ఉన్నంత సేపే అని ఇప్పుడు చేర్చి చెబుతున్నాను. హిక్లింగ్ మీద ఎదురుగాలి లేచినప్పుడు దాని మొద్దు ముక్కు ప్రతి చిన్న అలకూ కొట్టుకుని వేగం చచ్చిపోతుంది. గంటర్ అమరికలో కూడా లోపం లేకపోలేదు: పైకి లేపే తాడు కాస్త సాగినా పైకొయ్య పొట్టి కొయ్య నుంచి విడివడి వాలుతుంది, గాలికి ఎదురు నడపడం కష్టమవుతుంది. సాగని రకం తాడు వేశాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

పందేలకు వెళ్లేవారికి, ఒడ్డునే కొయ్య నిలబెట్టి రోజంతా దించనివారికి ఒంటి కొయ్యే సుఖం. విడి భాగాలు తక్కువ, తెరచాప ఆకారాన్ని సరిచేసుకోవడమూ తేలిక. నా దారిలో వంతెనలు ఉన్నాయి, నాతో పిల్లవాడు ఉంటాడు, గాలి ఆగిపోయే చోట్లు ఎక్కువ. అందుకే నా పడవకు పొట్టి కొయ్యనే ఉంచుకున్నాను.