గ్రాఫిక్స్ కార్డుకి వాటర్ బ్లాక్: రెండు హైదరాబాద్ వేసవుల తర్వాత

ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు వాడేవాళ్లకి కోర్ (లెక్కలు చేసే ప్రధాన చిప్పు) వేడి కంటే మెమొరీ వేడితోనే ఎక్కువ తలనొప్పి. 2020లో వచ్చిన ఈ కార్డు ఫుల్ లోడ్‌లో 320 వాట్లు లాగుతుంది. ఇందులోని జీడీడీఆర్6ఎక్స్ మెమొరీ చిప్పులు ఎంత వేగమో అంత వేడి. అవి 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తనే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. నేను బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇంటీరియర్ రెండర్లు (గదుల బొమ్మలు) చేస్తాను. ఉండేది కూకట్‌పల్లిలో, పై అంతస్తులో. మే నెల మధ్యాహ్నం గదిలో 35 డిగ్రీలు ఉన్నప్పుడు రెండర్ పెడితే, కాసేపటికే వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో మెమొరీ జంక్షన్ (మెమొరీ చిప్పు లోపలి వేడి) వంద దాటేది. కోర్ మాత్రం 80 దగ్గర నిలబడి అంతా బాగానే ఉన్నట్టు కనిపించేది. చాలామంది కోర్ ఒక్కటే చూసి ఊరుకుంటారు. ఈ కార్డులో అసలు చూడాల్సింది మెమొరీ అంకె.

స్టాక్ కూలర్ (కార్డుతో వచ్చిన ఫ్యాన్ల కూలర్) తీసేసి, కోర్‌నీ మెమొరీనీ కప్పే ఫుల్ కవర్ వాటర్ బ్లాక్ (లోపల నీళ్లు పారి వేడిని తీసుకెళ్లే లోహపు పలక) వేశాక, అదే గదిలో, అదే పనికి మెమొరీ 80 లోపే ఉంటోంది. కోర్ 60 దాటడం అరుదు. ఇంకా పెద్ద తేడా చప్పుడులో వచ్చింది. ఇదివరకు రెండర్ నడుస్తుంటే క్లయింట్‌తో ఫోన్ మాట్లాడాలంటే పక్క గదిలోకి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు మిషన్ పక్కనే కూర్చుని మాట్లాడుతున్నాను.

అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి, లేకపోతే నిరాశ తప్పదు. వాటర్ కూలింగ్ వేడిని మాయం చేయదు. ఆ 320 వాట్లూ రేడియేటర్ (నీటిని ఫ్యాన్లతో చల్లార్చే జాలీ) మీదుగా మళ్లీ మీ గదిలోకే వస్తాయి. నీళ్లు ఎప్పటికీ గది కంటే చల్లబడవు. నా 360 ఎంఎం రేడియేటర్‌తో లోడ్ మీద నీటి వేడి గది కంటే పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. డిసెంబర్‌లో కనిపించే అంకెలకీ మేలో కనిపించేవాటికీ తేడా అంతా గదిదే. పొడవైన రెండర్ పెట్టే రోజు మధ్యాహ్నం ఏసీ నాకు ఇప్పటికీ కావాలి.

కొనేముందు బోర్డు చూసుకోవడం ముఖ్యం. అందరూ 3080 అనే పిలుస్తారు కానీ ఒక్కో కంపెనీ ఒక్కో పీసీబీ (చిప్పులుండే సర్క్యూట్ బోర్డు) వేస్తుంది, కెపాసిటర్ల ఎత్తులు, స్క్రూల చోట్లు మారిపోతాయి. ఎన్‌విడియా సొంత ఫౌండర్స్ ఎడిషన్ బోర్డు ఆకారమే వేరు. ఈకే, ఆల్ఫాకూల్, బైక్‌స్కీ లాంటి బ్లాకుల కంపెనీలు ఏ మోడల్‌కి ఏ బ్లాక్ సరిపోతుందో లిస్టు పెడతాయి. మన కార్డు పూర్తి మోడల్ నంబర్‌తో అందులో సరిచూసుకోవాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఏఐఓ కూలర్లు (పంపు, రేడియేటర్ కలిపి సిద్ధంగా వచ్చేవి) కావలసినన్ని కనిపించాయి గానీ, నా కార్డుకి సరిపడే బ్లాక్ దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. బ్లాక్ రాగిదైతే (మీద నికెల్ పూత ఉన్నా సరే) రేడియేటర్ కూడా రాగి, ఇత్తడిదే తీసుకోండి. చవకగా వస్తోందని అల్యూమినియం రేడియేటర్ కలిపితే, రెండు లోహాలూ ఒకే నీటిలో ఉండి అల్యూమినియం తినేసుకుపోతుంది.

ఇక బిగింపు. అందరికీ నీళ్ల లీకు గురించే టెన్షన్. నా అనుభవంలో అంతకంటే జాగ్రత్త కావాల్సింది థర్మల్ ప్యాడ్ల (చిప్పుకీ బ్లాక్‌కీ మధ్య వేడిని దాటించే మెత్తటి ముక్కలు) దగ్గర. పాత కూలర్ స్క్రూలు తీశాక, కార్డు కాస్త వెచ్చగా ఉన్నప్పుడే మెల్లగా అటూ ఇటూ కదిపితే కోర్ మీది థర్మల్ పేస్ట్ వదులుతుంది. ఫ్యాన్ వైర్లు చిన్న సాకెట్లలో ఉంటాయి కాబట్టి కూలర్‌ని ఒక్కసారిగా ఎత్తేయకూడదు. చిప్పుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అదే ఆల్కహాల్ బ్లాక్ మీది అక్రిలిక్‌కి (పారదర్శక ప్లాస్టిక్) మాత్రం తగలనివ్వద్దు, సన్నటి పగుళ్లు వస్తాయి.

ప్యాడ్ మందం కంపెనీ చెప్పిన దానికి అర మిల్లీమీటర్ ఎక్కువైనా మెమొరీ దగ్గర బ్లాక్ పైకి లేచిపోతుంది, కోర్‌కి సరిగ్గా ఆనదు. తక్కువైతే మెమొరీ చిప్పుకీ బ్లాక్‌కీ మధ్య గాలి మిగులుతుంది. నాకు వచ్చిన డబ్బాలో కాగితం మీద బొమ్మ ఎంత మసకగా ఉందంటే, ఎక్కడ 1 ఎంఎం, ఎక్కడ 1.5 ఎంఎం అనేది అర్థం కాలేదు. అమ్మినవాళ్లకి మెయిల్ రాసి, జవాబు వచ్చేదాకా పని ఆపేశాను. ఇంత ఖరీదైన వస్తువుతో చదవగలిగే కాగితం ఇవ్వకపోవడం తప్పే.

అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. పేస్ట్, ప్యాడ్లు పెట్టి, కోర్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలను మూలకి మూల కొంచెం కొంచెంగా బిగించి, వెంటనే మళ్లీ విప్పి చూడండి. కోర్ మీద పేస్ట్ అంతటా పలచగా పరుచుకుని ఉండాలి, ప్రతి ప్యాడ్ మీదా చిప్పు అచ్చు పడాలి. అచ్చు పడని ప్యాడ్ పని చేయని ప్యాడే. చూసుకున్నాక కొత్త పేస్ట్ వేసి చివరి బిగింపు చేయాలి. నడిపేటప్పుడు కోర్‌కీ హాట్‌స్పాట్‌కీ (కోర్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) మధ్య తేడా గమనించండి. నాకు 12 నుంచి 15 డిగ్రీలు ఉంటోంది. అది పాతిక దాటితే నేనైతే మళ్లీ విప్పుతాను. 3090 ఉన్నవాళ్లకి పని రెట్టింపు, దాని మెమొరీలో సగం బోర్డు వెనకవైపు ఉంటుంది, బ్యాక్‌ప్లేట్ (వెనక రేకు) ప్యాడ్లు కూడా ఇంత శ్రద్ధగా చూసుకోవాలి.

లీక్ టెస్ట్‌లో కార్డుకి, మదర్‌బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే నడపాలి. ప్రతి ఫిట్టింగ్ (పైపు కలిసే జాయింట్) కింద టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా వదిలేశాను, తెల్లారి అన్నీ పొడిగానే ఉన్నాయి. ఫిట్టింగులు చేత్తో బిగిస్తే చాలు, లోపలి ఓ-రింగే (రబ్బరు రింగు) నీటిని ఆపుతుంది. పానాతో బలంగా తిప్పితే అక్రిలిక్ చీలుతుంది.

నీళ్ల విషయంలో రాజీ పడకండి. మన బోరు నీళ్లు కెటిల్ అడుగున తెల్లగా ఎలా పేరుకుంటాయో చూస్తూనే ఉంటాం, బ్లాక్ లోపలి రాగి చాళ్లు వెంట్రుకంత సన్నం. డిస్టిల్డ్ వాటర్ కోసం మా వీధిలో బ్యాటరీల షాపుకి వెళితే ఆయన, "ఇన్వర్టర్‌కా అన్నా?" అన్నాడు. "కాదన్నా, కంప్యూటర్‌కి" అన్నాను. "కంప్యూటర్ల నీళ్లు పోస్తరా? కాలిపోదా?" అని నిజంగానే కంగారు పడ్డాడు. ఆ క్యాన్ మీద స్వచ్ఛత వివరాలేవీ లేకపోవడంతో చివరికి ల్యాబ్ సామాన్ల షాపులో తీసుకున్నాను. అందులో తుప్పు, పాచి పట్టకుండా ఆపే మందు కలిపాను. రంగు నీళ్ల జోలికి పోలేదు. ఆ రంగు పొడులు చాళ్లలో పేరుకుంటాయి.

ఏడాది తర్వాత నీళ్లు తీసి బ్లాక్ విప్పితే నికెల్ చెక్కుచెదరలేదు. చాళ్ల మీద మాత్రం సన్నటి తెల్లటి పొర ఉంది. నీళ్లవల్ల కాదు, పారదర్శకంగా ఉండే మెత్తటి పైపులోని ప్లాస్టిసైజర్ (పైపుని మెత్తగా ఉంచే రసాయనం) కరిగి వచ్చింది. పైపు కూడా పాలలా మసకబారింది. మెత్తటి టూత్‌బ్రష్‌తో పొర పోయింది. నల్లటి ఈపీడీఎం రబ్బరు పైపు వేశాను, అందం తక్కువే గానీ ఆ తర్వాత మళ్లీ పొర రాలేదు. వేసవిలో రిజర్వాయర్‌లో (నీళ్ల ట్యాంకు) మట్టం కాస్త తగ్గుతుంది, తగ్గినంత కలిపితే సరిపోతుంది. రేడియేటర్‌కి దుమ్ము బాగా పడుతుంది, బ్లోయర్‌తో ఊదకపోతే నీటి వేడి రెండు మూడు డిగ్రీలు పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది.

బ్లాక్, పంపు, రేడియేటర్, ఫిట్టింగులు అన్నీ కలిపి నాకు సుమారు 40,000 రూపాయలు అయింది. రోజూ గంటల తరబడి కార్డుని లోడ్ మీద నడిపేవాళ్లకి ఈ ఖర్చు న్యాయమే అంటాను. సాయంత్రం కాసేపు గేమ్ ఆడుకునేవాళ్లు ఆ డబ్బు పై స్థాయి కార్డు మీద పెట్టడం మేలు. రేపు కార్డు మారిస్తే పంపు, రేడియేటర్, ఫిట్టింగులు అలాగే పనికొస్తాయి, బ్లాక్ మాత్రం మళ్లీ కొత్తది కొనాల్సిందే. పాత కార్డు అమ్మేటప్పుడు స్టాక్ కూలర్ అడుగుతారు కాబట్టి దాన్నీ దాని స్క్రూలన్నిటినీ ఒకే కవర్‌లో వేసి, కార్డు డబ్బాలోనే పెట్టి ఉంచాను.