పోలీసు శవ పంచనామా, మెజిస్ట్రేట్ విచారణ: ఎప్పుడు ఏది?

ఉరి, పురుగుమందు, ప్రమాదం లాంటి అనుమానాస్పద మరణాల్లో ముందు వచ్చేది పోలీసు పంచనామానే (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 194, పాత సీఆర్పీసీలో 174). ఎస్ఐ ఇరుగుపొరుగు నుంచి కనీసం ఇద్దరు పెద్దమనుషుల ఎదుట శవం స్థితి, గాయాలు, చావుకు కనిపించే కారణం రాస్తారు. ఎవరు చంపారన్నది ఇందులో తేలదు. 1975లో పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. కాబట్టి "పంచనామాలో నిందితుడి పేరు లేదు" అని కంగారు పడకండి.

పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మెజిస్ట్రేట్ విచారణ (సెక్షన్ 196) తప్పనిసరి. మన దగ్గర సాధారణంగా మెజిస్ట్రేట్‌గా తహసీల్దారు వస్తారు. కస్టడీ మరణమైతే మాత్రం జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ (కోర్టు మెజిస్ట్రేట్) రావాలి, తహసీల్దారు చాలరు. సాక్ష్యం నమోదు చేసే అధికారం, పూడ్చిన శవాన్ని బయటికి తీయించే అధికారం మెజిస్ట్రేట్‌కు ఉన్నాయి. వీలైనంతవరకు బంధువులకు కబురు పెట్టి, వాళ్లను దగ్గర ఉండనివ్వాలి. ఈ హక్కు గట్టిగా అడగండి.

రెండింటిలోనూ దెబ్బతినేది ఆధారాలే. ఉరితాడు ముడి విప్పకూడదు, ముడికి దూరంగా కోయాలి. విషం అనుమానముంటే అవయవాల ముక్కలను సాధారణంగా చిక్కటి ఉప్పు నీళ్లలో ల్యాబ్‌కు పంపుతారు. ఫార్మలిన్‌లో (శరీర భాగాలు కుళ్లకుండా వాడే ద్రావణం) వేస్తే చాలా విషాలు పట్టుబడవు. సీసా మీద సీలు చెదిరితే, ల్యాబ్ రిపోర్టు సరిగానే వచ్చినా కోర్టులో నిలవడం కష్టం.